చెన్నైలో ఇల్లు, విదేశంలో పిల్లలు: రెండు దేశాల మధ్య బ్యాంకు డబ్బు గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

చెన్నైలో స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో ఇంటికొకరు అమెరికాలోనో, సింగపూర్‌లోనో, దుబాయ్‌లోనో ఉండటం మామూలైపోయింది. టి.నగర్, అన్నానగర్, పెరంబూరు వైపు శాఖల్లో విదేశీ మారక ద్రవ్యం కౌంటరు దగ్గర కూర్చున్నవారికి రోజూ ఎదురయ్యే ప్రశ్నలను, వాటి జవాబులను ఇక్కడ ఒకచోట చేర్చాము. డబ్బు పంపడం ఇప్పుడు ఫోనులో అయిపోయే పనే. చిక్కంతా ఆ డబ్బు ఏ రకం ఖాతాలోంచి, ఎవరి పేరుతో, ఏ కారణం రాసి వెళుతోందన్న దగ్గరే వస్తుంది కాబట్టి జవాబుల్లో ఎక్కువ భాగం ఆ సంగతులకే కేటాయించాము.

మా అబ్బాయి ఉద్యోగానికి అమెరికా వెళ్ళాడు. ఇక్కడున్న అతని సేవింగ్స్ ఖాతాను అలాగే వాడుకోవచ్చా?

వాడుకోకూడదు. ఉద్యోగం కోసమో, వ్యాపారం కోసమో, ఎంతకాలమో తెలియని నివాసం కోసమో దేశం విడిచిన వ్యక్తిని 1999 నాటి విదేశీ మారక నిర్వహణ చట్టం, అంటే మనం ఫెమా అని పిలిచే చట్టం, ప్రవాసిగానే చూస్తుంది. అప్పటి నుంచి అతని మామూలు సేవింగ్స్ ఖాతాను ఎన్‌ఆర్‌ఓ ఖాతాగా, అంటే ప్రవాసుల ఇక్కడి డబ్బు కోసం ఉండే ఖాతాగా, మార్పించుకోవాలి. పాత ఖాతా సంఖ్య ఉంటుందా, కొత్తది ఇస్తారా అన్నది బ్యాంకును బట్టి ఉంటుంది.

ఇక్కడ చాలామంది ఆదాయపు పన్ను చట్టంలోని 182 రోజుల లెక్కను తెచ్చి, ‘ఇంకా ఆరు నెలలు కాలేదు కదా’ అంటారు. ఆ లెక్క పన్ను కోసం. ఖాతా ఏ రకంగా ఉండాలన్నది ఫెమా తేలుస్తుంది, అది వెళ్ళిన ఉద్దేశాన్ని చూస్తుంది. చదువుకోవడానికి వెళ్ళిన విద్యార్థులను కూడా రిజర్వ్ బ్యాంకు ప్రవాసులుగానే పరిగణిస్తుంది. విద్యార్థుల తల్లిదండ్రుల్లో ఈ సంగతి తెలిసినవారు తక్కువ.

మార్చకపోతే వెంటనే ఏమీ జరగదు, అందుకే అందరూ వాయిదా వేస్తారు. ఏళ్ళ తరువాత ఇల్లు అమ్మినప్పుడో, పెద్ద మొత్తం బయటికి పంపవలసి వచ్చినప్పుడో ‘ఈ ఖాతాదారు ప్రవాసి కదా, మరి ఖాతా రెసిడెంట్‌దిగా ఎందుకుంది’ అని అదే బ్యాంకు అడుగుతుంది. అప్పుడు కాగితాలన్నీ వెనక్కి వెళ్ళి సరిచేసుకోవాలి.

ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ, ఎఫ్‌సీఎన్‌ఆర్ ఖాతాలకు తేడా ఏమిటి? మూడూ ఉండాలా?

ఎన్‌ఆర్‌ఈ ఖాతా విదేశంలో సంపాదించి ఇక్కడికి పంపే డబ్బుకు. రూపాయల్లో ఉంటుంది, దాని మీద వచ్చే వడ్డీకి ఇక్కడ పన్ను లేదు, అసలునూ వడ్డీనీ ఎప్పుడైనా పరిమితి లేకుండా వెనక్కి తీసుకువెళ్ళవచ్చు. ఎన్‌ఆర్‌ఓ ఖాతా ఇక్కడే పుట్టిన డబ్బుకు: ఇంటి అద్దె, పెన్షను, డివిడెండ్లు, ఊళ్ళో పొలం కౌలు, తాతగారి ఆస్తిలో వాటా. దాని వడ్డీకి పన్ను ఉంది. బ్యాంకు 30 శాతం, దాని మీద సెస్సు కలిపి మూలంలోనే కోసుకుంటుంది. అమెరికాతో మనకున్న ద్వంద్వ పన్నుల ఒప్పందం వంటివి వర్తింపజేసుకుని ఈ కోతను తగ్గించుకోవాలంటే ఆ దేశపు పన్ను శాఖ ఇచ్చే నివాస ధ్రువపత్రం బ్యాంకుకు ఏటా ఇవ్వాలి.

ఎఫ్‌సీఎన్‌ఆర్ అన్నది డాలర్లు, పౌండ్లు వంటి విదేశీ కరెన్సీలోనే ఉండే ఫిక్సెడ్ డిపాజిట్. గడువు ఏడాది నుంచి ఐదేళ్ళ వరకు. రూపాయి పడిపోయినా దీనికి నష్టం లేదు. తిరిగి అక్కడే ఖర్చు పెట్టవలసిన డబ్బును దీనిలో ఉంచడం తెలివైన పని. ఇక్కడే ఇల్లు కొనాలనుకునే వారికి దీని అవసరం అంతగా లేదు. ఎన్‌ఆర్‌ఈ డిపాజిట్‌నైనా దీన్నైనా ఏడాది లోపల విరిస్తే వడ్డీ రాదని గుర్తుంచుకోవాలి.

సాధారణంగా ఒక ఎన్‌ఆర్‌ఈ, ఒక ఎన్‌ఆర్‌ఓ సరిపోతాయి. అద్దె వగైరా ఏమీ లేనివారికి కూడా ఎన్‌ఆర్‌ఓ ఒకటి ఉండటం మంచిది, ఎందుకంటే ఇక్కడివారు చేతికిచ్చిన రూపాయలను ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వేయడం కుదరదు. పెళ్ళిలో చదివించిన డబ్బులు తీసుకువచ్చి ‘అబ్బాయి ఎన్‌ఆర్‌ఈలో వేయండి’ అని అడిగే మామగార్లు ప్రతి పెళ్ళిళ్ళ కాలంలోనూ ఉంటారు. అవి ఎన్‌ఆర్‌ఓలోకే వెళ్ళాలి.

ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో అమ్మ పేరు కూడా జతచేయవచ్చా?

చేయవచ్చు. దగ్గరి బంధువు అయిన ఇక్కడి నివాసిని ‘ఫార్మర్ ఆర్ సర్వైవర్’ పద్ధతిలో మాత్రమే జతచేస్తారు. అంటే అబ్బాయి జీవించి ఉన్నంతకాలం ఖాతా అతనిదే. అమ్మ దానిని నడపాలంటే పవర్ ఆఫ్ అటార్నీ లేదా మ్యాండేట్ ఉండాలి. ఆ అధికారంతో ఆమె ఇక్కడి బిల్లులు, ఇంటి కంతులు కట్టవచ్చు, అబ్బాయికే డబ్బు పంపవచ్చు. అతని తరఫున వేరొకరికి బహుమతి ఇవ్వడం, విదేశంలో మరొకరికి పంపడం కుదరదు.

అక్కడి నుంచి ఇక్కడికి పంపడానికి ఏ దారి మంచిది?

చిన్న మొత్తాలకు ఆన్‌లైన్ సేవలు, పెద్ద మొత్తాలకు బ్యాంకు వైర్, అంటే బ్యాంకు నుంచి బ్యాంకుకు బదిలీ, అని సాధారణంగా చెబుతారు, అది చాలావరకు నిజమే. కానీ ఫీజును చూసి ఎంచుకోవద్దు. ‘ఫీజు లేదు’ అని పెద్ద అక్షరాలతో రాసిన చోట మారకపు రేటులో ఆ ఫీజు దాగి ఉంటుంది. డాలరుకు 40 పైసలు తక్కువ ఇస్తే వెయ్యి డాలర్ల మీద 400 రూపాయలు పోయినట్టే. అడగవలసిన ప్రశ్న ఒక్కటే: నేను ఇంత పంపితే, అన్ని ఖర్చులూ పోను, అమ్మ ఖాతాలో ఎన్ని రూపాయలు పడతాయి? ఆ అంకెను ఒకే రోజు, ఒకే గంటలో రెండు మూడు చోట్ల పోల్చుకుంటే నిర్ణయం దానంతట అదే తేలుతుంది.

గల్ఫ్ దేశాల నుంచి ఎక్స్‌ఛేంజ్ హౌసుల ద్వారా పంపేవారు రూపీ డ్రాయింగ్ అరేంజ్‌మెంట్ అనే ఏర్పాటు కింద నేరుగా ఖాతాలోకి పంపవచ్చు. నగదుగా చేతికి అందే మనీ ట్రాన్స్‌ఫర్ పథకంలో ఒక్కో లావాదేవీకి 2,500 డాలర్ల పరిమితి ఉంది. ఒకే వ్యక్తి ఒక క్యాలెండరు సంవత్సరంలో 30 సార్లకు మించి అందుకోలేరు. నగదు 50,000 రూపాయల వరకే ఇస్తారు, ఆపైన ఖాతాలో వేస్తారు. సింగపూర్‌లో ఉన్నవారికి 2023 ఫిబ్రవరి 21న మొదలైన అనుసంధానం ఉంది, అది మన యూపీఐని అక్కడి పేనౌ అనే చెల్లింపు పద్ధతితో కలుపుతుంది. దానిలో పాల్గొనే బ్యాంకులో ఖాతా ఉంటే ఫోను నంబరుతోనే డబ్బు వచ్చేస్తుంది. మొదలైనప్పుడు దాని రోజు పరిమితి 60,000 రూపాయలు కాబట్టి ఇంటి ఖర్చులకు సరిపోతుంది, ఇల్లు కొనడానికి కాదు.

అమెరికాలో ఉన్నవారు గమనించవలసిన కొత్త సంగతి ఒకటుంది. 2026 జనవరి 1 నుంచి అక్కడ నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్స్ చెక్కు ఇచ్చి విదేశానికి పంపే డబ్బు మీద 1 శాతం పన్ను వేస్తున్నారు. తమ అమెరికా బ్యాంకు ఖాతా నుంచి, లేదా అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుతో పంపేవారికి ఇది లేదు. వాట్సాప్‌లో తిరిగిన వార్తలు చూసి ఖాతాలోంచి పంపేవారు కూడా కంగారుపడ్డారు. అవసరం లేదు.

అబ్బాయి నెలనెలా పంపే డబ్బుకు మేము పన్ను కట్టాలా?

కట్టనవసరం లేదు; కొడుకు, కూతురు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు వంటి దగ్గరి బంధువులు ఇచ్చింది ఎంత మొత్తమైనా గ్రహీతకు ఆదాయం కాదు. ఆ డబ్బును మీరు డిపాజిట్ చేస్తే దానిపై వచ్చే వడ్డీ మాత్రం మీ ఆదాయమే.

మేము ఇక్కడ ఇంట్లో కూర్చుని విదేశీ కంపెనీకి పని చేస్తాము. ఆ డబ్బును కూడా ‘ఫ్యామిలీ మెయింటెనెన్స్’ అని రాయవచ్చా?

రాయకూడదు. విదేశం నుంచి వచ్చే ప్రతి మొత్తానికీ బ్యాంకు ఒక పర్పస్ కోడ్ వేసి రిజర్వ్ బ్యాంకుకు తెలియజేస్తుంది. ప్రవాసులు కుటుంబ పోషణకు పంపేదానికి పీ1301, సాఫ్ట్‌వేర్ కన్సల్టెన్సీకి పీ0802. ఫీజు కింద వచ్చిన దాన్ని పోషణగా చూపితే రేపు జీఎస్‌టీలో ఎగుమతి సేవగా చూపుకోవడానికి మీ చేతిలో రుజువు ఉండదు. డబ్బు పడిన ప్రతిసారీ బ్యాంకు నుంచి ఇన్‌వార్డ్ రెమిటెన్స్ అడ్వైస్ అడిగి తీసుకుని దాచుకోండి.

డబ్బు పంపి నాలుగు రోజులైంది, ఇంకా రాలేదు. ఎక్కడ ఆగి ఉంటుంది?

దేశాల మధ్య బ్యాంకులు వాడే స్విఫ్ట్ అనే సందేశ వ్యవస్థ ద్వారా వచ్చే వైర్ అయితే డబ్బు నేరుగా రాదు. పంపిన బ్యాంకుకూ, ఇక్కడి బ్యాంకుకూ మధ్య ఒకటో రెండో మధ్యవర్తి బ్యాంకులు ఉంటాయి, వాటిలో ఎక్కడైనా ప్రశ్న తలెత్తితే అక్కడే ఆగుతుంది. పంపినవారు తమ బ్యాంకును వైర్ నకలు, దానితో పాటు యూఈటీఆర్ అనే 36 అక్షరాల సంఖ్య అడగాలి. ఆ సంఖ్య ఉంటే డబ్బు ఏ బ్యాంకు దగ్గర ఉందో ఇక్కడి శాఖవారు చూసి చెప్పగలరు. ‘పంపేశాం, మీ బ్యాంకునే అడగండి’ అన్న మాటతో సరిపెట్టుకోవద్దు.

మన వాళ్ళ విషయంలో ఎక్కువగా తగిలే అడ్డంకి పేరు. తెలుగువారికి ముందుండే పొడి అక్షరం ఇంటిపేరు. తమిళనాడులో ఆ అక్షరం తండ్రి పేరు. చెన్నైలో ఖాతా తెరిచినప్పుడు ‘కె. వెంకట రమణ’లోని ‘కె’ని కంప్యూటర్‌లో విప్పి రాయమంటే, కొన్ని శాఖల్లో అలవాటు కొద్దీ తండ్రి పేరు కృష్ణయ్య అని రాసేస్తారు. పాస్‌పోర్టులో మాత్రం అదే ‘కె’ కొల్లూరు అని ఇంటిపేరు గడిలో ఉంటుంది. ఇక అమెరికాలో ఇంటిపేరు చివరికి వెళ్ళి, మొదటి పేరు వెంకట, మధ్య పేరు రమణ అవుతుంది. పంపే చోట ఒక రకంగా, అందుకునే చోట ఇంకో రకంగా ఉన్న ఈ రెండు పేర్లూ ఒకే మనిషివని సాఫ్ట్‌వేర్‌కు తెలియదు. డబ్బు సస్పెన్స్ ఖాతాలో ఉండిపోతుంది, లేదా చార్జీలు కోసుకుని వెనక్కి వెళుతుంది. ఖాతాలో పేరును పాస్‌పోర్టులో ఉన్నట్టే, అక్షరం తేడా లేకుండా, ఒకసారి సరిచేయించుకుంటే ఈ బాధ శాశ్వతంగా వదులుతుంది. పాన్, ఆధార్ కూడా అదే వరుసలోకి తెచ్చుకోవాలి.

సెలవులు కూడా కలిసివస్తాయి. రెండవ, నాలుగవ శనివారాలు ఇక్కడి బ్యాంకులకు సెలవు. తెలుగు సంవత్సరాది తమిళనాడులోనూ సెలవు దినమే. సంక్రాంతికి వరుసగా రోజులు పోతాయి. అటువైపు థాంక్స్‌గివింగ్ గురువారం వస్తే శుక్రవారం కూడా పని అంతంతమాత్రం.

ఖాతా వివరాల్లో ఏమేమి ఇవ్వాలి? ఐబాన్ అడుగుతున్నారు, మాకు లేదు.

ఐబాన్ అంటే కొన్ని దేశాల్లో వాడే అంతర్జాతీయ ఖాతా సంఖ్య, భారతదేశంలో అది లేదు. ఇక్కడికి పంపేటప్పుడు ఖాతా సంఖ్య, 11 అక్షరాల ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్, 8 లేదా 11 అక్షరాల స్విఫ్ట్ కోడ్ ఇవ్వాలి. మీ శాఖకు సొంత స్విఫ్ట్ కోడ్ లేకపోవచ్చు. అప్పుడు నగరంలో విదేశీ లావాదేవీలు చూసే ప్రధాన శాఖ కోడ్ ఇస్తారు, అది తప్పు కాదు. ఇక్కడి నుంచి పంపేటప్పుడు యూరప్, యూఏఈ ఖాతాలకు ఐబాన్, బ్రిటన్‌కు ఆరు అంకెల సార్ట్ కోడ్, ఆస్ట్రేలియాకు ఆరు అంకెల బీఎస్‌బీ, అమెరికాకు తొమ్మిది అంకెల రౌటింగ్ సంఖ్య కావాలి. కొన్ని అమెరికా బ్యాంకుల్లో వైర్‌కు ఒక రౌటింగ్ సంఖ్య, ఏసీహెచ్ చెల్లింపులకు, అంటే అక్కడి బ్యాంకుల మధ్య మామూలు బదిలీలకు, వేరొక సంఖ్య ఉంటాయి. చెక్కు మీద ఉన్నది చూసి పంపేస్తే తిరిగి వచ్చే అవకాశం ఉంది.

ఇక్కడి నుంచి విదేశానికి ఎంత పంపవచ్చు?

లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ కింద ఇక్కడ నివసించే ప్రతి వ్యక్తీ ఏప్రిల్ నుంచి మార్చి వరకు ఉండే ఆర్థిక సంవత్సరంలో 2,50,000 డాలర్ల దాకా పంపవచ్చు. ఈ పథకం 2004లో మొదలైంది, పరిమితి 2015 నుంచి ఇంతే ఉంది. చదువు, వైద్యం, బహుమతి, బంధువుల పోషణ, పెట్టుబడి, ప్రయాణం అన్నీ ఈ ఒక్క పరిమితిలోనే లెక్కకు వస్తాయి. పాన్ తప్పనిసరి. ఫారం ఏ2లో దేనికోసం పంపుతున్నారో ప్రకటించాలి. లాటరీ టికెట్లకు, విదేశీ ఎక్స్‌ఛేంజీల్లో మార్జిన్ ట్రేడింగ్‌కు ఈ దారి మూసి ఉంది.

తరువాతి సంగతి టీసీఎస్, అంటే డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను. 2025 ఏప్రిల్ 1 నుంచి ఒక వ్యక్తి ఏడాదిలో పంపిన మొత్తం 10 లక్షల రూపాయలు దాటితే, దాటిన భాగం మీద బ్యాంకు పన్ను వసూలు చేస్తుంది. బహుమతి, పెట్టుబడి, బంధువుల పోషణ వంటి వాటికి అది 20 శాతం. సొంత డబ్బుతో కట్టే చదువు ఖర్చులకు, వైద్యానికి చాలా తక్కువ, 2025-26లో 5 శాతం. గుర్తింపు ఉన్న ఆర్థిక సంస్థ నుంచి తీసుకున్న విద్యా రుణంతో కడితే అసలు లేదు. కాబట్టి కూతురి ఇంటి డౌన్ పేమెంటుకు నాన్నగారు 30 లక్షలు బహుమతిగా పంపితే, 20 లక్షల మీద 20 శాతం, అంటే 4 లక్షలు, అదనంగా సిద్ధం చేసుకోవాలి. ఇది పోయే డబ్బు కాదు. రిటర్ను వేసినప్పుడు మీ పన్నులో సర్దుకోవచ్చు, ఎక్కువైతే వాపసు వస్తుంది. కానీ నెలల తరబడి చేతిలో ఉండదు. ఆదాయం పన్ను పరిధిలో లేని పెద్దలు కూడా ఆ వాపసు కోసమైనా రిటర్ను వేయాలి.

వీటికి పైన కరెన్సీ మార్పిడి మీద చిన్న జీఎస్‌టీ ఉంటుంది. లక్ష రూపాయలకు అది 180 రూపాయలు, పది లక్షలకు 990. దీని గురించి ఎక్కువ ఆలోచించనవసరం లేదు.

అక్కడ డబ్బు అందుకునే కూతురు అమెరికాలో పన్ను కట్టే వ్యక్తి అయితే, విదేశీయుల నుంచి వచ్చిన బహుమతులు ఏడాదిలో లక్ష డాలర్లు దాటినప్పుడు అక్కడ ఫారం 3520 దాఖలు చేయాలి. పన్ను ఉండదు, దాఖలు చేయకపోతే జరిమానా మాత్రం గట్టిగానే ఉంటుంది.

ఒకరి పరిమితి సరిపోకపోతే ఇంట్లో అందరూ కలిసి పంపవచ్చా?

పంపవచ్చు. తల్లీ తండ్రీ విడివిడిగా, ఎవరి ఖాతా నుంచి వారు, ఎవరి పాన్ మీద వారు పంపుకుంటే పరిమితి, 10 లక్షల టీసీఎస్ మినహాయింపు రెండూ ఎవరికి వారికే ఉంటాయి.

యూనివర్సిటీ ఫీజులో ఇరవై డాలర్లు తగ్గాయట. ఎందుకు?

మధ్యవర్తి బ్యాంకు కోసుకుంది. వైర్ ఫారంలో చార్జీల దగ్గర ‘అవర్’ అని ఎంచుకుంటే ఖర్చులు మీరే భరిస్తారు, మొత్తం పూర్తిగా చేరుతుంది. ‘షా’ అంటే పంచుకోవడం. ఫీజులకు ఎప్పుడూ మొదటిదే ఎంచుకోండి.

మా అబ్బాయి స్నేహితుడికి ఇక్కడ రూపాయలు కావాలి, మా అబ్బాయికి అక్కడ డాలర్లు కావాలి. బ్యాంకు ఎందుకు, మేమే మార్చుకుంటే?

ఈ ప్రశ్న ఈ మధ్య ఎక్కువైంది, ముఖ్యంగా విద్యార్థుల తల్లిదండ్రుల నుంచి. పద్ధతి చూడటానికి ఎంతో సులువు. వాట్సాప్ గ్రూపులో ఎవరో ‘రూపాయలు కావాలి, డాలర్లు ఇస్తాను, గూగుల్ రేటు’ అని పెడతారు. మీరు వాళ్ళ నాన్నగారి ఖాతాలో యూపీఐతో రూపాయలు వేస్తారు, అతను మీ అబ్బాయికి జెల్ అనే అమెరికా చెల్లింపు సేవతో డాలర్లు పంపుతాడు. చార్జీ లేదు, టీసీఎస్ లేదు, ఫారం లేదు.

చట్టం దీన్ని అంత తేలికగా తీసుకోదు. విదేశంలో ఉన్న వ్యక్తికి లాభం కలిగేలా, అధీకృత బ్యాంకు ద్వారా కాకుండా ఇక్కడ చెల్లింపు చేయడం ఫెమా ఉల్లంఘన. హవాలా అన్నది సరిగ్గా ఇదే పని పెద్ద ఎత్తున జరగడం. జరిమానా ఆ మొత్తానికి మూడు రెట్ల దాకా వేయవచ్చు.

‘పదివేల రూపాయలకు ఎవరు పట్టించుకుంటారు’ అని అనేవారికి చట్టం కన్నా దగ్గర్లో ఉన్న ప్రమాదం ఇంకొకటుంది. అవతలి వ్యక్తి మీకు పంపే డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో మీకు తెలియదు. మీకు రూపాయలు అవసరమై అబ్బాయి అక్కడ డాలర్లు ఇచ్చాడనుకుందాం. ఇక్కడ మీ ఖాతాలో పడిన రూపాయలు ఏ రాష్ట్రంలోనో సైబర్ మోసానికి గురైన పెద్దాయనవి కావచ్చు. ఆయన సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేస్తే, డబ్బు వెళ్ళిన ప్రతి ఖాతాకూ వరుసగా నిలుపుదల పడుతుంది. మర్నాడు పొద్దున పాలవాడికి స్కాన్ చేస్తే చెల్లింపు వెళ్ళదు. శాఖకు వస్తే తెరమీద ‘డెబిట్ ఫ్రీజ్’ అనే రెండు ముక్కలు, పక్కన ఎప్పుడూ వెళ్ళని ఊరి పోలీసు స్టేషను పేరు కనిపిస్తాయి. పెన్షను పడే ఖాతా అయితే మరీ కష్టం. ఆ వాట్సాప్ సందేశం తప్ప మీ దగ్గర వేరే కాగితం ఉండదు, అది చూపితే మీరే ఫెమా ఉల్లంఘన ఒప్పుకున్నట్టు అవుతుంది. మిగిలే రెండు మూడు వందల రూపాయల కోసం ఈ పని చేయవద్దని మా గట్టి సలహా.

అక్కడ ఉండగా ఇక్కడి బ్యాంకు ఓటీపీ రావడం లేదు. ఏం చేయాలి?

వెళ్ళేముందే చేయవలసిన పని ఇది. భారతీయ సిమ్‌ను వదలకుండా, తక్కువ ఖర్చు ప్లానుతో చెల్లుబాటులో ఉంచాలి. అంతర్జాతీయ రోమింగ్ ఇక్కడ ఉండగానే తెరిపించుకోవాలి. రీఛార్జి ఆపేసిన నంబరును కొంతకాలం తరువాత కంపెనీ వేరొకరికి ఇచ్చేస్తుంది. అప్పుడు మీ బ్యాంకు సందేశాలు ఎవరో తెలియని మనిషి ఫోనుకు వెళతాయి. ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓ ఖాతాలకు చాలా బ్యాంకులు విదేశీ నంబరును నమోదు చేస్తాయి, ఈమెయిల్‌కు కూడా ఓటీపీ పంపుతాయి. అమెరికా, బ్రిటన్, సింగపూర్, యూఏఈ, ఆస్ట్రేలియా వంటి కొన్ని దేశాల నంబర్లతో యూపీఐ కూడా ఈ ఖాతాలకు పెట్టుకోవచ్చు. నంబరు మార్చుకోవడానికి చాలా శాఖల్లో సంతకం చేసిన దరఖాస్తు అడుగుతారు కాబట్టి, సెలవులకు చెన్నై వచ్చినప్పుడు ఆ ఒక్క పూట దీనికి కేటాయించండి.

ఇక్కడి డెబిట్ కార్డు అక్కడ పనిచేస్తుందా?

కార్డు ఇచ్చేటప్పుడు విదేశీ వాడకం మూసి ఉంటుంది; బ్యాంకు యాప్‌లో మీరే తెరవాలి, రోజు పరిమితి కూడా మీరే పెట్టుకోవాలి. వాడినప్పుడు మారకపు రేటు మీద చాలా బ్యాంకులు 3.5 శాతం వరకు అదనంగా వేస్తాయి, ఏటీఎం అయితే విడిగా చార్జీ కూడా ఉంటుంది. దుకాణంలో యంత్రం ‘రూపాయల్లో కట్టమంటారా, డాలర్లలోనా’ అని అడిగితే ఎప్పుడూ అక్కడి కరెన్సీనే నొక్కండి. రూపాయలు ఎంచుకుంటే ఆ యంత్రం వేసే రేటు మరింత ఘోరంగా ఉంటుంది.

చేతిలో ఎంత తీసుకువెళ్ళవచ్చు?

చాలా దేశాలకు ఒక్కో ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు నోట్లు, మిగిలింది కార్డులో. భారతీయ రూపాయలు 25,000 వరకు. వచ్చేటప్పుడు విదేశీ నోట్లు 5,000 డాలర్లు దాటినా, నోట్లు, ట్రావెలర్స్ చెక్కులు కలిపి 10,000 దాటినా మీనంబాక్కం విమానాశ్రయంలో కస్టమ్స్ ఫారంలో ప్రకటించాలి.

నెల్లూరు జిల్లాలో పొలం, చెన్నైలో ఫ్లాటు వారసత్వంగా వచ్చాయి. అమ్మి ఆ డబ్బు అమెరికా తీసుకువెళ్ళవచ్చా?

తీసుకువెళ్ళవచ్చు. ప్రవాసులు వ్యవసాయ భూమిని కొనకూడదు గాని వారసత్వంగా వచ్చినదాన్ని ఉంచుకోవచ్చు. అమ్మేటప్పుడు మాత్రం ఇక్కడే నివసించే భారత పౌరుడికే అమ్మాలి. ఫ్లాటుకు అటువంటి చిక్కు లేదు.

అమ్మిన డబ్బు ఎన్‌ఆర్‌ఓ ఖాతాలోకి రావాలి. అక్కడి నుంచి ఒక ఆర్థిక సంవత్సరంలో పది లక్షల డాలర్ల వరకు బయటికి పంపవచ్చు, లేదా అదే పరిమితిలో మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు మార్చుకోవచ్చు. అద్దె, పెన్షను వంటి నడుస్తున్న ఆదాయం ఈ పరిమితిలోకి రాదు. బ్యాంకు అడిగేవి వీలునామా లేదా వారసత్వ ధ్రువపత్రం, అమ్మకపు దస్తావేజు, పన్ను కట్టిన రుజువు, చార్టర్డ్ అకౌంటెంటు సర్టిఫికెట్టు, దానితో మీరు ఆన్‌లైన్‌లో ఇచ్చే ప్రకటన. ఈ చివరి రెండింటినీ 15సీబీ, 15సీఏ అని పిలవడం అలవాటు.

ఎక్కువ మంది దెబ్బతినేది కొనేవారు మూలంలో కోసే పన్ను దగ్గర. అమ్మేవారు ఇక్కడి నివాసి అయితే 50 లక్షలు, ఆపైన ధర ఉన్నప్పుడు 1 శాతం కోస్తే చాలు. అమ్మేవారు ప్రవాసి అయితే ఆ పరిమితి లేదు, 1 శాతం కూడా కాదు. దీర్ఘకాలిక లాభం మీద రేటు 12.5 శాతం, దానికి సర్‌చార్జి, సెస్సు. పైగా లాభం ఎంతో కొనేవారు తేల్చలేరు కాబట్టి మొత్తం ధర మీదే కోస్తారు. ఒప్పందానికి ముందే ఆదాయపు పన్ను శాఖ నుంచి తక్కువ కోతకు ధ్రువపత్రం తెచ్చుకుంటే ఆ డబ్బు వాపసు కోసం ఏడాది ఎదురుచూసే పని తప్పుతుంది. రావడానికి వారాలు పడుతుంది కనుక బేరం మొదలైన రోజే దరఖాస్తు పెట్టండి.

స్వయంగా రాలేనివారు పవర్ ఆఫ్ అటార్నీని అక్కడి భారత కాన్సులేట్‌లో ధ్రువీకరించి, లేదా అపోస్టిల్, అంటే ఆ దేశపు ప్రభుత్వ ధ్రువీకరణ ముద్ర, చేయించి పంపుతారు. అది భారతదేశంలో అందిన మూడు నెలల లోపల ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి. కవరు వచ్చిన తేదీ తెలిసేలా కొరియర్ రసీదు కూడా దాచండి.

మేము ఆరు నెలలు పిల్లల దగ్గర ఉండి వస్తాము. మా ఖాతాలు కూడా మార్చాలా?

విజిటర్ వీసా మీద వెళ్ళి తిరిగి వచ్చేవారు ఇక్కడి నివాసులే, మార్చనవసరం లేదు. గ్రీన్ కార్డు మీద అక్కడే ఉండిపోయే ఉద్దేశంతో వెళితే మార్చాలి. పెన్షనుదారులు నవంబరులో ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రాన్ని మరచిపోవద్దు. 80 ఏళ్ళు దాటినవారు అక్టోబరులోనే ఇవ్వవచ్చు.

పదేళ్ళ తరువాత చెన్నైకి తిరిగి వచ్చేశాను. అక్కడి ఖాతాలు మూసేయాలా?

మూయనవసరం లేదు. విదేశంలో నివసించినప్పుడు సంపాదించిన ఆస్తులను, ఖాతాలను తిరిగి వచ్చాక కూడా ఉంచుకోవడానికి ఫెమా అనుమతిస్తుంది. ఇక్కడి ఎన్‌ఆర్‌ఈ, ఎన్‌ఆర్‌ఓలను మాత్రం రెసిడెంట్ ఖాతాలుగా మార్చాలి. విదేశీ కరెన్సీలోనే ఉంచుకోవాలనుకుంటే ఆర్‌ఎఫ్‌సీ ఖాతా ఉంది. ఎన్‌ఆర్‌ఈ వడ్డీకి ఉన్న పన్ను మినహాయింపు నివాసి అయ్యాక కొనసాగదు.

తిరిగి వచ్చిన మొదటి రెండు మూడేళ్ళు చాలామందికి పన్ను చట్టంలో ‘సాధారణ నివాసి కాని’ హోదా దొరుకుతుంది. అది ముగిశాక రిటర్నులో షెడ్యూల్ ఎఫ్‌ఏలో అక్కడి ప్రతి ఖాతా, 401కే పెన్షను, షేర్లు అన్నీ చూపాలి. చూపకపోతే 2015 నాటి నల్లధన చట్టం కింద 10 లక్షల జరిమానా పడవచ్చు. మిగిలింది ఎంత చిన్న మొత్తమైనా చూపడమే మేలు.

బయలుదేరే ముందు అక్కడి బ్యాంకులో చిరునామా, పన్ను హోదా మార్పించి, ఫోను నంబరును ఇంటర్నెట్‌తో నడిచే సేవకు మార్చుకుని, దానికి ఆ బ్యాంకు సందేశాలు వస్తున్నాయో లేదో అక్కడ ఉండగానే పరీక్షించుకోండి. అమెరికా నంబరు పోయాక ఖాతాలోకి ప్రవేశించడానికి చెన్నై నుంచి అర్ధరాత్రి కస్టమర్ కేర్‌తో మాట్లాడవలసి వస్తుంది.

నాన్నగారు పోయారు. ఆయన ఖాతాలో డబ్బు అమెరికాలో ఉన్న నాకు ఎలా వస్తుంది?

నామినీగా మీ పేరు ఉంటే మరణ ధ్రువపత్రం, మీ గుర్తింపు పత్రాలు ఇస్తే బ్యాంకు మీ ఎన్‌ఆర్‌ఓ ఖాతాకు బదిలీ చేస్తుంది. నామినీ అంటే వారసులందరి తరఫున డబ్బు అందుకునే వ్యక్తి మాత్రమే. తోబుట్టువుల వాటా పోదు. 2025 నవంబరు 1 నుంచి ఒక డిపాజిట్‌కు నలుగురి దాకా నామినీలను పెట్టవచ్చు, కనుక బతికి ఉన్న పెద్దల ఖాతాల్లో ఈ వివరం ఒకసారి చూసుకోండి. ఏ బ్యాంకులో ఏముందో తెలియకపోతే, పదేళ్ళుగా కదలిక లేని డిపాజిట్లను రిజర్వ్ బ్యాంకు వారి ఉద్గమ్ పోర్టల్‌లో పేరు, పాన్ ఇచ్చి వెతకవచ్చు.

బ్యాంకు జవాబు ఇవ్వడం లేదు. ఎవరికి చెప్పుకోవాలి?

ముందు బ్యాంకుకే రాతపూర్వకంగా, లేదా ఈమెయిల్‌లో ఫిర్యాదు చేసి సంఖ్య తీసుకోండి. కౌంటరు దగ్గర నోటితో చెప్పింది లెక్కలోకి రాదు. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టవచ్చు. ఫీజు లేదు, లాయరు అవసరం లేదు, విదేశం నుంచి కూడా పెట్టవచ్చు. ఎలా రాయాలో తెలియకపోతే 14448కి ఫోన్ చేస్తే చెబుతారు. వైర్ నకలు, బ్యాంకుకు రాసిన మొదటి ఫిర్యాదు, దాని తేదీ ఈ మూడూ జతచేయడం మరచిపోవద్దు.